పదిహేడు గుంటలు

బస్సు గట్టు మీద ఆగేసరికి గురువారం పొద్దు బారెడెక్కింది. అరఖిత ముందు గోనెసంచిని దించి, తర్వాత తను దిగాడు. సంచిలో తడిగుడ్డ చుట్టిన గంధరాజం కొమ్మలు, మల్లె పిలకలు, రెండు నిమ్మ అంట్లు ఉన్నాయి. కలకత్తా నుంచి రైల్లో వాటిని కాళ్ల మధ్య పెట్టుకునే కూర్చున్నాడు. రెండు స్టేషన్లలో దిగి కుళాయి కింద గోనె తడిపి తెచ్చాడు. చేపలేమోనని ఎదుటి సీటాయన ముక్కు మూసుకున్నాడు కూడా.

బట్టల సంచి చిన్నది. తను మాలీగా, అంటే తోటమాలిగా, చేసే బంగళాలో పనిముట్ల గది తాళంచెవి మేనేజరు బల్ల మీద పెట్టి, ఇక రానని చెప్పి వచ్చాడు. "లాన్ వేసే రోజుల్లో వదిలేసి పోతావా? పో. మళ్ళీ ఈ గేటు తొక్కావంటే చూడు" అన్నాడు మేనేజరు. తొక్కనన్నాడు అరఖిత. ఇరవయ్యారేళ్లు ఒకరి గడ్డికి నీళ్లు పోసినవాడు అంత తేలిగ్గా ఆ మాట అనగలిగాడంటే కారణం ఒకటే. సముద్రం కోసుకుపోతున్న తన ఊరు బాలిగడియ వాళ్లకి పదకొండు కిలోమీటర్లు లోపల, సముద్రం రాని చోట, ఇళ్ల స్థలాలు ఇస్తున్నారు. తన పేర కూడా ఒకటి ఉంది. అందులో ఇల్లు లేస్తుంది, వెనక నాలుగు మొక్కలు పెట్టుకోవచ్చు, ఇక ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈ సంగతి భార్య తిలోత్తమకు ఇంకా తెలియదు. ఫోన్లో అయిదు రోజుల సెలవని మాత్రమే చెప్పాడు. అసలు మాట ఆ స్థలంలో నిలబడి చెప్పాలని కోరిక. చెప్పినప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో చూడాలని, యాభై నాలుగేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా ఆశపడుతున్నాడు.

గట్టు దిగితే ఊరు. ఊరంటే ఇప్పుడు పదిహేడు ఇళ్లు. పోయిన మాఘంలో ఇరవై ఒకటి ఉండేవి. జెనా వాళ్ల పెరటి కొబ్బరిచెట్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి. పెరడు లేదు, జెనా వాళ్లూ లేరు.

టీ బడ్డీ చూరు కింద మగవాళ్లు పేకాడుతున్నారు. ఆ రోజు ఒడియావాళ్ల రజ పండుగ మొదటి రోజు. భూదేవి ఈ మూడు రోజులూ ముట్టులో ఉంటుంది. నాగలి కదలదు, పార లేవదు, పెరట్లో గడ్డిపరక కూడా ఎవరూ పీకరు. భగీరథి ముక్కల మీంచి తలెత్తాడు. అతనిది అరఖిత ఇంటి పక్క ఇల్లే.

"ఎవరూ, కలకత్తా మాలీయేనా? రజకి ఊరు గుర్తొచ్చిందే ఈసారి."

"స్థలం గుర్తొచ్చిందిలేరా."

"చూశారా, నిజం ఒప్పేసుకున్నాడు. కూర్చో అన్నా, ఓ ఆట వేసిపో."

"మొక్కలున్నాయి. వాడిపోతాయి."

"మొక్కలా? సముద్రానికి తినిపించడానికా?"

అందరూ నవ్వారు. అరఖిత కూడా నవ్వాడు. ఊళ్లో ఉన్నంతసేపూ నవ్వుతూ తిరగడం అతనికి అలవాటు. చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకి అది తప్పదు.

తిలోత్తమ అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్లకి పారాణి, ఒంటి మీద కొత్త చీర, పాదాలకి వక్కచెట్టు పట్ట కోసి తాడు కట్టిన చెప్పులు. ఈ మూడు రోజులూ ఆడవాళ్ల పాదం నేలకి తగలకూడదు. కూతురు కుని అత్తారింటికి వెళ్లాక ఆ ఇంట్లో రజ ఉయ్యాల కట్టడం మానేశారు గానీ, ఈ చెప్పులు మానలేదు.

"ఆ సంచి లోపలికి తేకు కుని నాన్నా. మట్టి రాలుద్ది."

"మట్టి కాదు, మొక్కలు."

"మొక్కలకి మట్టి ఉండదా? ఇన్నేళ్లు మాలీ పని చేసి ఏం నేర్చుకున్నావో." అంటూనే లేచి, చెంబుతో నీళ్లిచ్చింది. సంచిలోకి తొంగి చూసింది. "కొత్త ఇంటికా? ఎవరు నీళ్లు పోస్తారు వీటికి? ఆదివారం నువ్వు బండెక్కేస్తావు. నేను ఇటుకలు మోయించుకోనా, నీ గంధరాజానికి సేవ చెయ్యనా?"

చెప్పేద్దామని అరఖితకు నోటి దాకా వచ్చింది. రేపు, అనుకుని సంచిని పెరటి గోడ నీడన పెట్టి, ఆకు ఆకునీ విడదీసి నీళ్లు చిలకరించాడు.

*

శుక్రవారం పొద్దున మగవాళ్లందరూ ట్రాక్టరు ట్రాలీ ఎక్కి కొత్త స్థలాలకి వెళ్లారు. ఎండిన పొలం. బంకమట్టి, ఎండకి నెర్రెలిచ్చి ఉంది. దాని మీద సున్నంతో గళ్లు గీసి, గడికో కొయ్య పాతి, నంబరు రాశారు. ఆ కొయ్యలు రజ రాకముందు, బుధవారమే పాతేశారు కాబట్టి సరిపోయింది. అరఖితది పదిహేడు, చిట్టచివరిది, కాలవ పక్కన.

అతను గొంతుక్కూర్చుని నేలని చూశాడు. మట్టి రకం చూడాలంటే పెళ్ల తీసి నలపాలి, వాసన చూడాలి, నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు తెలుస్తుంది. నెర్రెలో వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. రజ. ఎన్నాళ్లకో ఆ చెయ్యి అలా ఆగింది. ఆగినందుకు అతనికి చెప్పలేనంత హాయిగా అనిపించింది.

పెద్ద చెట్టుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం అతని చేతి పని. ఆర్నెల్ల ముందు ఒక పక్క వేర్లు నరకాలి. మూణ్ణెల్లాగి రెండో పక్క నరకాలి. సూర్యుడి వైపున్న మొహానికి సున్నం గీత పెట్టుకుని, కొత్త గుంటలో కూడా ఆ మొహం అటే ఉండేలా దించాలి. ఇంత చేసినా పదింట్లో నాలుగు పోతాయి. పోయే చెట్టు మొదటేడు పోదు. చిగురు వేస్తుంది, అందరూ బతికిందనుకుంటారు. అది మానులో మిగిలిన నీళ్లతో వేసిన చిగురని మాలీకి ఒక్కడికే తెలుసు. కలకత్తా వెళ్లిన మొదటేడు తను కూడా అందరికీ బాగానే కనిపించాడు. ఉత్తరాల్లో అదే రాశాడు. తర్వాత తర్వాత రైలు దిగి ఊళ్లోకి వస్తుంటే కుక్కలు మొరిగేవి. తిరిగి వెళ్తే బంగళాలో ఎలాగూ పేరు లేదు, మాలీ అంతే. మనిషి ఇల్లు విడిచిపెట్టడం ఒక్కసారే జరగదని, వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఇంకొంచెం విడిచిపెడుతూనే ఉంటాడని, రైల్లో కూర్చున్నప్పుడల్లా అనిపించేది. ఇక అది అయిపోయింది. ఈ గడిలో అయిపోయింది.

తొమ్మిదింటికి ఇళ్ల పథకం ఇంజనీరు బాబు మోటారుసైకిల్ మీద వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. చెమటకి చొక్కా అంటుకుపోయింది. నోట్లో పాన్ ఉంది, చేతిలో ఫోన్ ఉంది.

"నన్ను తిట్టకండి. ఆర్డరు నిన్న సాయంత్రం వచ్చింది" అని మొదలుపెట్టాడు. "ప్రతి స్థలంలో ఈశాన్యం మూల పునాది గుంట తవ్వి ఉండాలి. రెండడుగులు పొడుగు, రెండు వెడల్పు, అడుగున్నర లోతు. గుంట పక్కన మొగుడూ పెళ్లాం నిలబడితే ఫోటో తీసి ఎక్కిస్తాను. రేపు సాయంత్రం అయిదింటికి లిస్టు మూసేస్తారు."

ఖేత్ర ప్రధాన్ కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఊరికి పెద్ద. ఊళ్లో పంచాయితీ అయినా పండుగ అయినా ఆయన నోటి మాటతోనే కదులుతుంది.

"బాబూ, మీదే ఊరు?"

"బాలేశ్వర్ దగ్గర."

"మీ ఇంట్లో రజ చెయ్యరా?"

"చేస్తారు. మా ఆవిడ ఉయ్యాల మీద ఉంది. నేనిక్కడ ఎండలో ఉన్నాను."

"మరి రజలో భూమి తవ్వమంటారేంటి?"

"నేనెక్కడ అంటున్నాను పెద్దాయనా? ఎక్కడో కూర్చున్న కంప్యూటరు అంటోంది. దానికి రజ తెలీదు, పున్నమి పోటు తెలీదు. అయిదు గంటలొకటే తెలుసు."

"సోమవారం తవ్వుకుంటే?"

"సోమవారం తవ్వినవాళ్లు రెండో లిస్టు."

"అదెప్పుడు?"

"మొదటి లిస్టుకే నాలుగేళ్లు పట్టింది" అన్నాడు ఇంజనీరు, ఇంకో వైపు చూస్తూ.

నాలుగేళ్లు. వచ్చే పున్నమి పోటుకి ముందు వరసలో ఎవరి ఇల్లు నిలబడుతుందో ఎవరికీ తెలియదు. భగీరథి అన్నాడు, ఒక్క గుంట తవ్వి దాని పక్కనే పదిహేడు జంటల్నీ నిలబెడితే పోదా అని. ఏ గడిలో నిలబడ్డామో ఫోనే చెప్పేస్తుందన్నాడు ఇంజనీరు. గట్టు పని చేసే పొక్లెయిన్ ఉంది కదా అన్నారెవరో. పొక్లెయిన్ ఉంది, డ్రైవరు రజకి ఇంటికి పోయాడు. పోనీ కూలీలు? చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో ఈ మూడు రోజులూ పార పట్టేవాడు లేడు. పోనీ బాబూ, మీరే తవ్వండి అన్నాడు ఒకాయన, ధైర్యం చేసి.

"నేను తవ్వను. నేనూ ఒడియావాణ్ణే" అన్నాడు ఇంజనీరు. అన్నాక సిగ్గుపడ్డాడు.

అప్పుడు ఖేత్ర ప్రధాన్ తల తిప్పి అరఖిత వైపు చూశాడు. ఆయన చూశాక ఒక్కొక్కరే చూశారు.

"అరఖితా, ఇలా రా."

ట్రాక్టరు నీడలోకి వెళ్లారు ఇద్దరూ.

"అక్కడ రజకి నీకు సెలవిస్తారా?"

"ఇవ్వరు పెద్దన్నా."

"మరి తవ్వుతావా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరొచ్చి చూశారు గనక? కానీ పెద్దాయన మొహంలో ఎగతాళి లేదు. చూపు దించుకుని అడుగుతున్నాడు.

"ఈ వారమే లాన్ వేసేది. తవ్వుతాను."

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూ."

"మా చేతులు ఈ పాపం ఎరగవురా" అన్నాడు ఖేత్ర. గొంతు తగ్గించాడు. "మా నాన్న ఎరగడు, మా తాత ఎరగడు. నీ చెయ్యి ఎరుగును. నీకు కొత్తగా అంటేదేం లేదు."

అరఖితకు ఒళ్లు మండింది. మొదటేడు రజ రోజున, ఈ మూడు రోజులు తవ్వనని హెడ్ మాలీ కాళ్లు పట్టుకుంటే, వాడు పదిమందిని పిలిచి మరీ నవ్వించాడు. ఆ రోజు పార ఎత్తేముందు అరఖిత నేల ముట్టి కళ్లకద్దుకున్నాడు, కళ్లనీళ్లు కారుతుంటే. ఆ కన్నీళ్లు ఊరి లెక్కలోకి రావు. తను ఆచారం తప్పిన మనిషి, అంతే. ఇన్నాళ్లూ ఆ మాట ఎవరూ మొహాన అనలేదు గానీ, అందరి మనసులోనూ ఉన్నట్టే ఉంది.

అయినా దాచి లాభం లేదు, లోపలెక్కడో సంతోషం కూడా వేసింది. ఇరవయ్యారేళ్లలో ఊరికి తనతో పని పడింది ఇదే మొదటిసారి. రేపటి నుంచి వీళ్ల మధ్యే బతకాలి. ఇప్పుడు కాదంటే ఏ మొహం పెట్టుకుని బతుకుతాడు? చేస్తే మాత్రం పదిహేడు గడపల్లోనూ తన పేరు ఉంటుంది. అరఖిత తవ్వాడు కాబట్టి ఈ ఇల్లు లేచిందని చెప్పుకుంటారు.

"పదిహేడూనా?"

"పదిహేడూ."

భగీరథి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అతని ఇల్లు ముందు వరసలోది. "అన్నా" అన్నాడు.

"ఎండ ఇంకా ముదరకముందే మొదలెట్టాలి. గడ్డపార కావాలి" అన్నాడు అరఖిత.

*

ఊరివాళ్లెవరూ తమ పార ఇవ్వలేదు. రజలో పారకి కూడా విశ్రాంతే. ఇంజనీరు కాంట్రాక్టరు షెడ్డు తాళం తీసి గడ్డపార, పార తెచ్చిచ్చాడు. పార కర్ర వదులుగా ఉంది. అరఖిత గోనె పీలిక తడిపి సందులో కూరి బిగించాడు.

ముందు కాలవలోంచి నీళ్లు మోసి పదిహేడు మూలల్లోనూ రెండేసి బిందెలు పోశాడు. బంక ఎండితే రాయి, బాగా తడిస్తే జిగురు. మధ్యలో ఒక పదును ఉంటుంది, పార దిగుతుంది, పెళ్ల విరుగుతుంది. ఆ పదును కోసం గంట ఆగాడు. తర్వాత మొదటి గడిలోకి వెళ్లి, వంగి, నేల ముట్టి కళ్లకద్దుకుని గడ్డపార ఎత్తాడు.

అది దిగిన చప్పుడుకి వెనక ఏదో కదిలింది. తిరిగి చూశాడు. మగవాళ్లందరూ వీపు తిప్పేశారు. చూస్తే దోషం. ట్రాక్టరు దగ్గర వరసగా నిలబడి అందరూ కాలవ వైపు చూస్తున్నారు, అక్కడేదో తమాషా జరుగుతున్నట్టు.

సాయంత్రానికి ఆరు అయ్యాయి. శనివారం తెల్లవారగానే మళ్లీ వచ్చాడు. గడ్డపారతో నాలుగు పక్కలా గాటు పెట్టడం, మధ్యలో పెళ్ల లేపడం, పారతో తీసి గట్టుగా పొయ్యడం, అంచు చెక్కి కోణం సరిచెయ్యడం. ఎవరి గడి వంతు వస్తే ఆ ఇంటాయన దగ్గరకొచ్చి, అటు తిరిగి నిలబడేవాడు. భగీరథి మాత్రం అటు తిరిగే మేస్త్రీతనం చేశాడు.

"మూల సరిగ్గా వచ్చిందా అన్నా?"

"వచ్చి చూసుకో."

"చూస్తే ఎలా? చెప్పు. లోతు చాలుతుందా? కొంచెం ఎక్కువే తియ్యి, నాది రెండంతస్తులు."

"ముందు ఒకటి కట్టరా నాయనా."

ఇద్దరూ నవ్వారు, ఒకరి మొహం ఒకరు చూడకుండానే.

దాహమేస్తే నీళ్లు గట్టు మీద పెట్టి దూరం జరిగేవారు. చేతికివ్వరు. మధ్యాహ్నానికి అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. ఇరవయ్యారేళ్ల కాయలున్న చేతులు మళ్లీ బొబ్బలెక్కాయంటే నేల ఎలాంటిదో అర్థమవుతుంది. నాలిక మీద పెట్టి చూడకుండానే ఇప్పుడు దాని రుచి తెలిసింది, చెమటతో కలిసి పెదాల మీదికే వచ్చింది. ఉప్పుంది, కానీ తక్కువే. రెండు వానలకి పోతుంది. నిమ్మ బతుకుతుంది.

రెండింటికి ఆడవాళ్లు ట్రాలీలో దిగారు. కొత్త చీరలు, నోటినిండా పాన్, కాళ్లకి వక్కపట్టల చెప్పులు. బంకమట్టి పెళ్లల మీద ఆ చెప్పులతో ఒకరినొకరు పట్టుకుని నడుస్తున్నారు. ఇంజనీరు గడి గడికీ వెళ్లి జంటల్ని నిలబెడుతున్నాడు.

"గుంట వైపు తిరగండమ్మా."

ఎవరూ తిరగలేదు.

"పోనీ ఫోన్ వైపన్నా చూడండి. నేనేం పాపం చేశాను?"

అలా పదహారు ఫోటోలు అయ్యాయి. పక్కన తవ్విన మట్టి తడితడిగా మెరుస్తోంది. ప్రతి ఫోటోలోనూ ఇద్దరు మనుషులు ఎటో చూస్తూ ఉన్నారు, ఆ గుంట తమది కానట్టు.

నాలుగు దాటాక అరఖిత తన గడిలోకి వచ్చాడు. చేతులు గడ్డపారని పట్టుకోనంటున్నాయి. కండువా చింపి చుట్టుకున్నాడు. అన్నిటికంటే ఇది నీటుగా రావాలని పంతం. అంచులు కత్తితో కోసినట్టు తీశాడు, అడుగు చదును చేశాడు. తిలోత్తమ గడి అంచున నిలబడి ఉంది, పడమటి వైపు తిరిగి.

"తిలో, ఇటు చూడొకసారి. ఇది మన నేల."

"ఇప్పుడొద్దు."

"ఒక మాట చెప్పాలి. ఇక్కడ నిలబడి చెప్పాలనుకున్నాను."

"ఇంటికెళ్లాక చెప్పు కుని నాన్నా. ఆ చప్పుడు నేను వినలేను." ఆమె చెవుల మీదికి కొంగు లాక్కుంది. "తొందరగా కానియ్యి."

అతను తొందరగా కానిచ్చాడు. అయిదుకి ఇరవై నిమిషాలుందనగా ఇంజనీరు పరుగున వచ్చాడు. "పక్కపక్కన నిలబడండి." అరఖిత దగ్గరికి జరిగితే తిలోత్తమ చీర కుచ్చెళ్లు పట్టుకుని అడుగు దూరం జరిగింది. కోపం కాదు. మోచేతుల దాకా మట్టి, ఆమెది కొత్త చీర, పైగా రజ. ఇంజనీరు ఫోన్ నొక్కాడు.

"ఎక్కింది. పదిహేడు" అన్నాడు. పొలమంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. ఎవరో ఏడ్చారు. ఖేత్ర ప్రధాన్ చేతులు జోడించి ఆకాశానికి దండం పెట్టాడు. అరఖిత వైపు కూడా తిరిగి దండం పెట్టాడు, కొంచెం దూరం నుంచే.

*

ఇంటికొచ్చాక తిలోత్తమ పెరట్లో అతని చేతుల మీద నీళ్లు పోసింది, చెంబు ఎత్తి పట్టుకుని. బొబ్బల మీద పసుపు, కొబ్బరినూనె కలిపి ఆకులో పెట్టి అరుగు మీద ఉంచింది. నిప్పుల్లో కాల్చిన పిండిరొట్టె, లోపల కొబ్బరీ బెల్లమూ ఉన్నది, రెండు పెద్ద ముక్కలు అరిటాకులో వడ్డించింది. ఇంటికొచ్చినప్పుడల్లా తినే కంచం అడగబోయి ఊరుకున్నాడు అరఖిత. ఆకలి దంచేస్తోంది.

సూర్యుడు ఇంకా ఉన్నాడు. పక్కింట్లోంచి భగీరథి గొంతు వినిపిస్తోంది, ఎవరికో ఫోన్లో తన రెండంతస్తుల గురించి చెబుతున్నాడు. ఇదే సమయం అనుకున్నాడు అరఖిత.

"తిలో, నేను..."

"ముందు నన్ను చెప్పనీ" అంది ఆమె. గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. మొహం కళకళలాడుతోంది, ఎన్నాళ్లకో అలా చూశాడతను. "ఇవాళ నా పరువు పోయేదే. రేపు భూదేవి స్నానం కదా. ఖేత్ర బావగారి వాకిట్లో అందరం కలిసి భూదేవని పెట్టిన రాయికి పసుపు పూసి నీళ్లు పోస్తాం కదా. నన్ను రావొద్దన్నారు."

"ఎవరు?"

"పెద్దక్క. వాళ్లావిడ. కోపంతో కాదులే, ఏడుస్తూనే చెప్పింది. భూమిని గాయపరిచినవాడు ఊరి పొలిమేర లోపల ఉండగా స్నానం చేయిస్తే అది అంటదట, ఏడాదంతా ముట్టు తీరదట, కొత్త ఊరికి అరిష్టమట. వాడి ఇంటి ఆడది అసలు రాయి ముట్టకూడదట. అందరూ ఔనన్నారు. నేలకేసి కొట్టినట్టయింది నాకు. పాతికేళ్ల నుంచి ఆ పసుపు నూరేది నేనే."

అరఖిత చేతిలో ముక్క అలాగే ఉంది.

"అప్పుడు నాకు గుర్తొచ్చింది" అంది తిలోత్తమ. "అన్నాను, ఆయన ఎలాగూ రేపే పోతున్నాడు కదే అమ్మా. పొద్దున బస్సుకే. ఆయన పొలిమేర దాటాకే స్నానం పెట్టుకోండి, గంట ఆలస్యమైతే ఏం పోయింది అని. అందరి మొహాలూ తేటపడ్డాయి. పెద్దక్క నన్ను కౌగిలించుకుంది. పసుపు కూడా నన్నే నూరమన్నారు." ఆమె నవ్వింది. "కలకత్తా నౌకరీ ఎప్పుడూ తిట్టుకునేదాన్ని. ఇవాళ అదే మన మానం కాపాడింది."

అతను ఆమె మొహం చూశాడు. ఏ మొహం చూడాలని ఆశపడ్డాడో అదే మొహం. ఇంకో మాటకి వెలిగింది, అంతే తేడా.

ఉంటే ఏమవుతుందో ఆలోచించాడు. ఎంతో ఆలోచించనక్కర్లేదు. రేపు స్నానం ఆగిపోతుంది. కొత్త ఊళ్లో ఏ పిల్లకి జ్వరమొచ్చినా, ఏ గోడ బీటలిచ్చినా, పదహారు ఇళ్లూ పదిహేడో ఇంటి వైపు చూస్తాయి. ఎవరూ తిట్టరు. నీళ్లు గట్టు మీద పెట్టి జరుగుతారు. తిలోత్తమకి కూడా అలాగే పెడతారు.

"ఏదో చెబుతానన్నావు?" అంది ఆమె.

"ఆ మొక్కలు" అన్నాడు అరఖిత. "సోమవారం అక్కడ పెట్టించు. నిమ్మకి కాలవ పక్క బాగుంటుంది. ఉప్పు తక్కువే."

"సరేలే. మొక్కల పిచ్చి నువ్వూను." ఇంకో ముక్క ఆకులో వేసింది. "ఈసారి ఎప్పుడొస్తావు మరి?"

"చూడాలి. లాన్ అయ్యాక."

"ఇల్లు లేచాక రా. అప్పటికి అందరూ మర్చిపోతారు" అంది తిలోత్తమ, మెల్లగా, తన ఒక్కదానికే చెప్పుకుంటున్నట్టు. తర్వాత లేచి అతని బట్టల సంచి సర్దడానికి లోపలికి వెళ్లింది.

*

ఆదివారం మొదటి బస్సు ఆరున్నరకి. అరఖిత అరుగు దిగేసరికి వాకిట్లో ఖేత్ర ప్రధాన్ నిలబడి ఉన్నాడు. ఆయన వెనక భగీరథి, అతని వెనక మిగతా మగవాళ్లు. భగీరథి అరఖిత చేతిలోని సంచి లాక్కుని భుజాన వేసుకున్నాడు.

"నేను మోసుకుంటారా."

"ఊరుకో అన్నా. ఆ చేతుల్తోనా?"

ఇరవయ్యారేళ్లలో అతన్ని సాగనంపడానికి ఏనాడూ ఎవరూ రాలేదు. చీకటితో లేచి ఒక్కడే గట్టెక్కి బస్సు పట్టుకునేవాడు. ఈసారి ఊరంతా వచ్చింది. వాళ్ల ప్రేమ దొంగ ప్రేమ కాదు. ఒకాయన పాన్లు కట్టించి తెచ్చాడు, ఒకాయన కొబ్బరికాయలు రెండు తెచ్చాడు. అలాగని అతను బస్సెక్కడం కళ్లారా చూడకుండా వాళ్లు వెనక్కి వెళ్లరు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు, అతనికీ తెలుసు. అందుకే ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

తిలోత్తమ గట్టు దాకా రాలేదు. పసుపు నూరాలి. గుమ్మం దగ్గరే, జాగ్రత్త, చేతులకి నూనె రాసుకో అని చెప్పి, చెప్పుల చప్పుడుతో ఖేత్ర వాళ్ల వాకిలి వైపు వెళ్లిపోయింది.

బస్సు వచ్చింది. ఖేత్ర ప్రధాన్ దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, అరఖిత భుజం మీద చెయ్యి వేశాడు. రెండు రోజుల్లో అతన్ని ముట్టుకున్న మనిషి ఆయనొక్కడే.

"కష్టమొచ్చినప్పుడు నువ్వే కదరా మాకు దిక్కయింది. ఉద్యోగం జాగ్రత్త. అది ఉంది కాబట్టి సరిపోయింది."

"అవును పెద్దన్నా" అన్నాడు అరఖిత.

కిటికీ పక్కన కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. బంగళా గేటు మూసుకుంది, ఇంకో గేటు తెలియదు. యాభై నాలుగేళ్లకి, ఈ చేతులతో, ఎవరి గడ్డికి నీళ్లు పోస్తానని వెళ్లి అడగాలి? కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. స్టేషన్ పేరు చెప్పాడు. అంతవరకే తెలుసు.

ఖేత్ర ప్రధాన్ బస్సు పక్కన రేకు మీద చేత్తో రెండుసార్లు తట్టాడు, పోనియ్యమని. బస్సు గట్టు మీద కదిలింది. పొలిమేర రాయి దాటింది. వెంటనే ఎవరో చెయ్యి ఊపి ఉంటారు. వెనక ఊళ్లోంచి ఆడవాళ్ల హుళహుళి లేచింది, పెళ్లిళ్లకీ పూజలకీ నాలికలు ఆడిస్తూ చేసే ఆ మంగళధ్వని, పదహారు పదిహేడు గొంతులు ఒక్కసారిగా. స్నానం మొదలైంది. బస్సు ఇంజను మోతలో ఒక్కొక్క గొంతే కలిసిపోతూ వచ్చింది. చివరిదాకా వినిపించిన గొంతు, అందరికంటే గట్టిగా, సంతోషంగా పలికిన గొంతు, తిలోత్తమది.